గడప బయట పోసిన నీళ్లు

"శనివారం అని చెప్తే అయిపాయె. ఒక్కటే మాట. గదేమన్న కొండనా మొయ్యనీకె?" అన్నాడు అమర్‌నాథ్, పొద్దున్నించి నాలుగోసారి.

గౌరమ్మ స్టవ్ ముందు కూర్చుని ఉంది. పెనం మీద జొన్నరొట్టె మాడుతోంది. పెద్దకొడుకు మొహం చూడడం ఇష్టం లేక ఆమె రొట్టె వైపే చూస్తోంది గాని, దాన్ని తిప్పాలన్న సంగతే ఆమెకు తోచడం లేదు.

చిన్నకోడలు నిఖిల వచ్చి స్టవ్ ఆపింది. రొట్టె తీసి పక్కన పెట్టి, గుమ్మానికి ఆనుకుని నిలబడింది.

"ఇంటున్నవా అమ్మా? పదకొండు గంటలకు వికారాబాద్‌ల మేజిస్ట్రేట్ ముంగట నిలబడాలె. తెల్లారకముందే నీ కొడుకుకు గడప బయట నీళ్లెందుకు పోసినవని అడుగుతరు. శనివారం కదమ్మా, మా ఇంట్ల అందరం తలస్నానం చేస్తం అను. వకీలు సాబ్ గిదే చెప్పమన్నడు."

"కట్టుబట్టల మీద చేస్తరా శనివారం తానం?"

"గది ఎవలడుగుతరు?"

"తాండూరుల ఐదేండ్ల పిల్ల అడుగుతది."

తల్లి చెప్పింది నిజమే మరి.

ఎదురుగా మందుల దుకాణం వాళ్లు దొంగల భయానికి పెట్టుకున్న కెమెరా ఆ ఇంటి గడపను రోజూ చూస్తూనే ఉంటుంది. జనవరి చివరి శనివారం నాడు అది చూసినదాన్ని ఇప్పుడు ఊరు ఊరంతా ఫోన్లలో చూస్తోంది. ఐదు నలభై రెండు నిమిషాలకు చిన్నకొడుకు అనిల్‌కుమార్ తూలుకుంటూ వచ్చి తలుపు కొడతాడు. తల్లి తలుపు తీస్తుంది. వాడు ఏదో అంటాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టి వాణ్ణి గడప అవతలే ఆపుతుంది. లోపలికి వెళ్లి బిందె తెచ్చి, ప్యాంటు చొక్కాలతో ఉన్న కొడుకు నెత్తి మీద గుమ్మరిస్తుంది. ఒకటి కాదు, మూడు బిందెలు. పొడిపంచె బయటికే ఇచ్చి, తడిబట్టలు బకెట్లో వేయించి, అప్పుడు గాని వాణ్ణి గడప దాటనివ్వదు.

అది చూసినవాళ్లకు ఇంకొకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. శవాన్ని ముట్టుకుని వచ్చినవాడికి పోసే నీళ్లవి. కారుతో గొర్రెను గుద్ది వచ్చిన కొడుక్కి ఏ తల్లీ అట్లా పోయదు. కాని అనిల్ రెండు రోజుల తరవాత పోలీసుల ముందుకు వెళ్లి రాసిచ్చింది మాత్రం అదే. గొర్రె అడ్డమొచ్చిందనుకున్నాను, మనిషిని చూడనే లేదు అని. ఆ రెండు రోజుల్లో వాడి ఒంట్లో మందు దిగిపోయింది. హైదరాబాద్‌లో శుక్రవారం రాత్రి విందు చేసుకున్న ఫొటోల్లో మాత్రం చేతిలో గ్లాసు అట్లాగే ఉంది.

కెమెరాకు కళ్లే గాని చెవులు లేవు. వాడు గడప దగ్గర ఏమన్నాడన్నది లోకంలో ఇద్దరికే తెలుసు. ఒకడు వికారాబాద్ జైల్లో ఉన్నాడు. రెండో మనిషి ఈ మూడు వారాల్లో కట్టుకున్నవాడికి కూడా చెప్పలేదు.

ఆ కట్టుకున్నవాడు, వెంకటేశ్వర్, వసారాలో కుర్చీలో కూర్చుని ఇదంతా వింటున్నాడు. ముప్పై ఏళ్లుగా కంది బేరాలు చేసిన మనిషి, ఇప్పుడు మార్కెట్ యార్డు వైపు తొంగిచూడడం లేదు.

"అంత నీ మైలతోనే ఒచ్చింది," అన్నాడు ఉన్నట్టుండి. "కొడుకు వణుక్కుంట ఒస్తె లోపటికి గుంజుకుని తలుపు పెట్టుకోవాలె. బజార్ల నిలవెట్టి నీళ్లు గుమ్మరిస్తరా ఎవలన్న?"

"మీరుంటే ఏం చేస్తుంటిరి?"

"నేనైతే..."

"మీ అమ్మ సచ్చిన నాడు కాష్టం కాడికెల్లి ఒచ్చి నీళ్లు పోసుకోకుంట లోపటికి ఒచ్చిండ్రా మీరు? గీ ఇంట్ల గీ పద్ధతి నాకు నేర్పింది ఎవలు?"

వెంకటేశ్వర్ తల దించుకున్నాడు. కోపం వచ్చినంత తొందరగానే పోయింది పాపం, ముసలాయనకు. దాని వెనక ఉన్న దుఃఖమే మిగిలింది.

నిఖిల గుమ్మం దగ్గర నుంచి కదిలింది. పెళ్లై ఏడాదిన్నర. మొగుడి కబడ్డీ ఆట టీవీలో చూసి ఈలలు వేసిన పిల్ల, ఇప్పుడు నెమ్మదిగా నడవడం నేర్చుకుంది.

"అత్తమ్మా, ఒక్కటే అడుగుత. మీ ఇష్టమున్నట్టు చెప్పుండి కోర్టుల. కని ఇంట్ల చెప్పంది ఆడ చెప్పకుండి. వేరేటోళ్ల నోట్లకెల్లి నేను ఇనద్దు. ఆయన ఏమన్నడు?"

గౌరమ్మ కోడలి వైపు చూసింది. చెబుదామనే నోరు తెరిచింది.

"రైలుకు యాళ్లయితుంది," అని లేచి చెప్పులు తొడుక్కుంది.

*

అమర్‌నాథ్ కారు తీస్తానన్నా గౌరమ్మ ఎక్కలేదు. ఆ శనివారం తరవాత ఆమె కారెక్కడం మానేసింది. తల్లీ కొడుకులు రైల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. అమర్‌నాథ్ ఫోను చూసుకుంటున్నాడు. లీగు టీము వాళ్లు అనిల్ కాంట్రాక్టు రద్దు చేశారని వారం కిందటే కాగితం వచ్చింది. జెర్సీ వేసుకున్న వాడి ఫొటో కూడా తీసేశారు.

తక్కెడ పట్టిన ఇంట్లో కూత పెట్టేవాడు పుట్టాడని తాండూరు బజారు ఒకప్పుడు ఎంత వేళాకోళం చేసిందని! అదే బజారు తరవాత వాడి ఆట ఉన్న సాయంత్రం దుకాణాలు తొందరగా కట్టేసింది. గౌరమ్మకు ఆట నియమాలు పెద్దగా తెలియవు. తెలిసిందల్లా ఒకటే, వాణ్ణి పట్టుకుంటే నిలవడు. ఏడుగురు మీద పడి చెయ్యి దొరికితే చెయ్యి, కాలు దొరికితే కాలు గుంజినా, ఎట్లాగో జారి నడిమి గీతను ముట్టేవాడు. ముట్టగానే ఆమె టీవీ ముందు కూర్చుని చప్పట్లు కొట్టేది.

కిటికీలోంచి కంది కోసిన చేలు కనిపిస్తున్నాయి. మోళ్లు మిగిలిన చేలలో ఒకచోట గొర్రెలున్నాయి. గౌరమ్మ మొహం తిప్పుకుంది.

కోట్‌పల్లి వైపు వాళ్ల చేనులో ప్రతి ఏడూ కంది కోత కాగానే గొర్రెల కాపరి ఎంకయ్య మంద దింపేవాడు. రాత్రుళ్లు గొర్రెలు అక్కడ పడుకుంటే చేనుకు ఎరువు, గొర్రెలకు రాలిన ఆకు. పన్నెండేళ్ల అలవాటు అది. మంద దింపిన మొదటిరోజు ఎంకయ్య తాండూరు వచ్చి రొట్టెలు మూట కట్టించుకుని వెళ్లేవాడు. ఈసారి మంచిరోజు చూసి ఫోన్ చేసింది గౌరమ్మే.

"శనివారం దింపు ఎంకయ్యా. శుక్రవారం అద్దు, శనివారం మంచిగున్నది."

"అట్లనే అమ్మా. బండ్లు మొదలు గాకముందే రోడ్డు దాటిస్త," అన్నాడతను.

దాటిస్తూ ఉండగానే కారు వచ్చింది. కొడుకు ఎవరిని గుద్దాడో ఆమెకు ఆరోజు మధ్యాహ్నం గాని తెలియలేదు. అప్పటికి నీళ్లు పోయడం అయిపోయింది, పాలు కాచివ్వడం అయిపోయింది, దుప్పటి కప్పి పడుకోబెట్టడం కూడా అయిపోయింది.

'అమ్మా, మనిషి సచ్చిపోయిండు. నేను ముట్టుకున్న.' గడప దగ్గర వాడన్న మాట అది. మందు వాసన గుప్పుమంది. దానికి తను ఏమంది? ఎవరని అడగలేదు. ఎక్కడని అడగలేదు. 'ఆగు, గడప దాటకు' అంది. కన్నతల్లి నోట మొదట వచ్చిన మాట అది. మూడు వారాలుగా ఆమెను తినేస్తున్నది ఆ మాటే.

అయినా దానిలో కూడా ఒక చిన్న ఆసరా వెతుక్కుంది గౌరమ్మ. చచ్చినవాణ్ణి వదిలి వచ్చాడు. బతికున్నవాణ్ణి కాదు గదా! తప్పే, పెద్ద తప్పే, కాని అక్కడ నిలబడి చెయ్యగలిగింది మాత్రం ఏముంది? రాత్రిపూట నిద్ర పట్టించే ఆ ఒక్క ఊహను ఆమె ఎవరికీ చెప్పకుండా దాచుకుంది.

*

కోర్టు వరండాలో జనం కిటకిటలాడుతున్నారు. వకీలును వెతకడానికి అమర్‌నాథ్ వెళ్లాడు. గౌరమ్మ నిలబడడానికి చోటు చూసుకుంటూ, మెట్ల పక్కన నేల మీద కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లను చూసి ఆగిపోయింది.

ఎంకయ్య భార్య బుగ్గమ్మ బాగా చిక్కిపోయింది. నుదుటన బొట్టు లేదు. పక్కన కూతురు నాగరాణి కాగితాల సంచి ఒళ్లో పెట్టుకుని ఉంది.

వెనక్కి తిరిగి పోవాలనిపించింది గౌరమ్మకు. కాళ్లు మాత్రం ముందుకే వెళ్లాయి.

"బుగ్గమ్మా."

నాగరాణి చటుక్కున లేచింది. "ఎందుకొచ్చినవ్? రాజీకా?"

"కాదు బిడ్డా."

"మరేంటికి? మీ కొడుకు గొర్రె అనుకున్నడట కదా. మా నాయిన గొర్రె లెక్క కనవడ్డడా?"

"కూసో రాణీ," అంది బుగ్గమ్మ, తలెత్తకుండా. "లొల్లి చెయ్యకు. కోర్టు ఇది."

నాగరాణి కూర్చోలేదు. మొహం తిప్పుకుని గోడ వైపు నిలబడింది. భుజాలు ఎగసిపడుతున్నాయి.

గౌరమ్మ నేల మీద, బుగ్గమ్మకు ఎదురుగా చతికిలబడింది. పన్నెండేళ్లలో వాళ్లిద్దరూ అట్లా సమానంగా కూర్చోవడం అదే మొదలు. ఎప్పుడూ ఒకరు గడప లోపల, ఒకరు బయట.

"శనివారం దింపుమని నేనే చెప్పిన బుగ్గమ్మా."

"ఎరికే. నువ్వు చెప్పినవనే పొద్దుగాల లేసిండు."

బంట్రోతు ఎవరి పేరో పిలుస్తున్నాడు.

"నేను ఎనక వల విప్పుతున్న," అంది బుగ్గమ్మ తనంతట తానే. "మంద సుట్టు కట్టిన వల. అది సుట్టి గాడిద మీద ఏసుకుని నేనొచ్చేసరికి అరగంట పైనే అయింది. గొర్లు రోడ్డు మీద చెల్లాచెదురున్నయి. ఇదేంది, మందను ఇడిసిపెట్టి యాడికి పోయిండని కోపమొచ్చింది నాకు. తిట్టుకుంట పోయిన గౌరక్కా. తిట్టుకుంటనే పోయిన."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"కాల్వ పక్కకు పడున్నడు. కండ్లు తెరుసుకునే ఉన్నడు. నన్ను సూసి, నీళ్లు అన్నడు."

గౌరమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు.

"ఎవలన్నరు?"

"ఆయనే. నా సీసల రెండు గుక్కలుండె, పోసిన. తాగిండు. అంబులెన్స్ల ఎక్కిస్తుంటె ఆరున్నర అని రాసుకున్నరు వాళ్లు. నా కొంగు ఇడవలె. ధారూర్ దాటినంక ఇడిసిండు."

"అంటే... పానం ఉండెనా? నువ్వొచ్చినప్పుడు పానం ఉండెనా బుగ్గమ్మా?"

"లేకుంటే నీళ్లెట్ల అడుగుతడక్కా?"

ఐదు నలభై రెండు. ఆరున్నర. గౌరమ్మ పెద్దగా చదువుకోలేదు గాని ఆ రెండింటి మధ్య ఎంత సేపుందో తెలుసుకోవడానికి చదువు అక్కర్లేదు. తను మొదటి బిందె ఎత్తినప్పుడు ఎంకయ్య ఊపిరి తీసుకుంటున్నాడు. మూడో బిందె గుమ్మరించినప్పుడూ తీసుకుంటున్నాడు. బతికున్న మనిషికి మైల పట్టి, కొడుక్కి నీళ్లు పోసింది తను. ఆ నీళ్లలో ఒక గుక్క అడుగుతూ అతను చీకట్లో పడి ఉన్నాడు.

ఆమె నోరు నొక్కుకుంది. ఏడుపు ఆగలేదు. నాగరాణి గోడ వైపు నుంచి తిరిగి చూసింది. బుగ్గమ్మ ఓదార్చలేదు, కసురుకోలేదు. పక్కకు కొంచెం జరిగింది, అంతే.

*

అనిల్‌ను రిమాండు పొడిగింపు కోసం అదే రోజు తీసుకొచ్చారు. వరండా చివర ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబడి ఉన్నాడు. ఒకతను వాడి మణికట్టు పట్టుకుని ఉన్నాడు. పెద్ద బలంగా పట్టుకోలేదు కూడా, సంతలో పిల్లవాణ్ణి పట్టుకున్నట్టు. వాడు విడిపించుకునే ప్రయత్నమేమీ చెయ్యడం లేదు.

గడ్డం పెరిగింది. తల్లిని చూడగానే కళ్లు నీళ్లతో నిండాయి.

"అమ్మా, మంచిగున్నవా? నాయిన మంచిగున్నడా?"

గౌరమ్మ కానిస్టేబుల్ వైపు చూసింది. "జర రెండు మాటలు మాట్లాడుకోనియ్యి కొడుకా." అతను చెయ్యి వదలలేదు గాని మొహం అటు తిప్పుకున్నాడు.

"సచ్చిండని చెప్పినవ్ కదరా నాకు."

అనిల్ చూపు నేల మీదికి దిగింది.

"మనిషి సచ్చిపోయిండు, ముట్టుకున్న అన్నవ్. గా మాట ఇనే నేను నీళ్లు పోసిన. ఆరున్నర దాక పానమున్నదంటున్నది బుగ్గమ్మ. నీకు తెల్వదా? సచ్చిండనుకున్నవా? చెప్పు కొడుకా. సచ్చిండనుకున్న అను."

ఆమె అడుగుతున్నది నిజం కాదు. ఆసరా. అవును అన్న ఒక్క మాట చాలు ఆమెకు, మిగిలిన బతుకంతా దాని మీద వెళ్లదీస్తుంది.

వాడు తన మణికట్టు వైపు చూసుకున్నాడు.

"గీడ పట్టుకున్నడమ్మా," అన్నాడు. గొంతు గుసగుస కంటే పైకి లేవలేదు. "రెండు చేతులతోని. నేను దిగి వంగి చూసిన. పట్టుకున్నడు. గట్టిగ పట్టుకున్నడు. నీళ్లు అన్నడు."

"మరి?"

"కార్ల సీసా ఉండె."

"మరెందుకు ఇయ్యలే?"

"భయమైందమ్మా. తాగి ఉంటి. ఎవలన్న ఒస్తరని... ఇడిపించుకున్న."

అంతే అన్నాడు. వాడికి చేతనైన విద్య అది. ఎన్నిసార్లు చూసి చప్పట్లు కొట్టిందో తనకే లెక్క లేదు.

కొడుకును కొట్టాలనిపించింది. దగ్గరికి తీసుకోవాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేక ఆమె చేతులు గాలిలోనే ఉండిపోయాయి.

"అమ్మా, గిది చెప్పకు." అనిల్ ఇంకా దగ్గరికి వంగాడు. "గా దినం చెప్పిన మాటనే చెప్పు. సచ్చిండనుకున్నడని చెప్పు. గంతవరకు చెప్పినా శిక్ష కొంచెం తక్కువ పడ్తదేమో. గిది తెలిస్తే నేను ఖతమ్. నిఖిల మొహం కూడ చూడనియ్యదు. అమ్మా, నీ కాళ్లు మొక్కుత."

అప్పుడే అమర్‌నాథ్ వకీలును వెంటబెట్టుకుని వచ్చాడు. నల్లకోటు సర్దుకుంటూ వకీలు గౌరమ్మ చెవి దగ్గర వంగాడు.

"అమ్మా, పరేషాన్ గాకుండి. శనివారం తలస్నానం. ఇంకేమడిగినా యాదికి లేదనుండి. లోపటికి నేను రానీకె లేదు, మీరొక్కరే పోవాలె."

"గౌరమ్మ, భర్త వెంకటేశ్వర్!" అని బంట్రోతు కేకేశాడు.

ఆమె నడిచింది. మెట్ల దగ్గర బుగ్గమ్మ తలెత్తి చూసింది. ఆ చూపులో ఏదన్నా అడగడం ఉంటే బాగుండేదనిపించింది గౌరమ్మకు. ఏమీ లేదు.

లోపల గది చిన్నది. బల్ల వెనక మేజిస్ట్రేట్ నలభై ఏళ్లు కూడా నిండని ఆడమనిషి. పక్కన టైపు చేసే అతను. తలుపు పూర్తిగా పడలేదు, సందులోంచి వరండా గోల వినిపిస్తోంది.

"కూర్చోండమ్మా. మిమ్మల్ని ఎవరూ బలవంతం చెయ్యడం లేదు కదా? మీ ఇష్టంతోనే చెప్తున్నారా?"

"అవునమ్మా."

"ఆ రోజు తెల్లవారుజామున మీ అబ్బాయికి గడప బయట నీళ్లు పోశారు. ఎందుకు?"

శనివారం అన్న మాట నాలుక చివరనే ఉంది. పొద్దున్నించి పెద్దకొడుకు తెచ్చి అక్కడ పెట్టి ఉంచాడు. అది ఒక్కటి బయటికి తోసేస్తే సాయంత్రం రైలుకు ఇంటికి పోవచ్చు. రొట్టెలు చేసుకోవచ్చు. కోడలి మొహం చూడకుండా బతకడం కూడా మెల్లగా అలవాటవుతుందేమో.

"సావు ముట్టుకుని ఒచ్చిండని పోసిన," అంది గౌరమ్మ.

టైపు చప్పుడు మొదలైంది.

"అంటే మనిషి చనిపోయాడని మీ అబ్బాయే మీకు చెప్పాడా? సరిగ్గా ఏమన్నాడో చెప్పండి."

గౌరమ్మ బల్ల అంచు పట్టుకుంది.

"రెండు మాటలన్నడమ్మా. ఒకటి గా దినం మా గడప బయట. ఒకటి ఇప్పుడే, మీ గడప బయట." ఊపిరి పీల్చుకుంది. "మొదటిది అబద్ధం. గది నమ్మే నేను నీళ్లు పోసిన."

టైపు చప్పుడు ఆగింది. మేజిస్ట్రేట్ కలం కింద పెట్టి ముందుకు వంగింది.

"రెండోది?"

తలుపు సందులోంచి ఒక గొంతు వినబడింది. "అమ్మా!" అని. పిల్లవాడిగా ఉన్నప్పుడు గడప దగ్గర నిలబడి పిలిచిన గొంతే అది.

గౌరమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.